28 ఏళ్లకే ఆట ఆపేసిన లూక్ కీక్లీ: తొందరపడ్డాడా?

షార్లెట్ శ్రీను
నేను షార్లెట్ వచ్చిన కొత్తలో అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఓనమాలు కూడా తెలియవు. ఆఫీసులో పక్క సీటాయన బలవంతం మీద 2015 సీజన్ చూడటం మొదలుపెట్టాను. ఆ ఏడాది మన షార్లెట్ టీమ్ పాంథర్స్ రెగ్యులర్ సీజన్లో 15 గెలిచి ఒక్కటే ఓడింది. అందరూ మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) క్యామ్ న్యూటన్‌ని చూస్తుంటే నా కళ్ళు మాత్రం డిఫెన్స్ మధ్యలో నిలబడే 59 నంబరు మీదే ఉండేవి. లూక్ కీక్లీ. బంతి ఎటు పోతే అటు ముందే ఉండేవాడు.

2020 జనవరి 14న వీడియో పెట్టి ఇక ఆడనన్నాడు. అప్పటికి వయసు 28. ఆ ముందు సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా మిస్ కాలేదు, 144 టాకిల్స్ చేశాడు, లీగ్ స్టార్ల మ్యాచ్ ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నిన్న లంచ్‌లో మళ్ళీ అదే గొడవ. ఇంకో ఐదేళ్లు ఆడి ఉంటే చరిత్రలో నంబర్ వన్ మిడిల్ లైన్‌బ్యాకర్ అయ్యేవాడని, టీమ్‌ని నడిమధ్యలో వదిలేశాడని మా కొలీగ్ వాదన. కాదని గట్టిగా చెప్పలేకపోయాను, ఎందుకంటే సగం నాకూ అలాగే అనిపిస్తుంది. మీరేమంటారు?

స్టాట్స్ సుబ్బు
ముందు లెక్కలు చూడండి. 2012 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం) తొమ్మిదో పిక్. మొదటి ఏడాదే 164 టాకిల్స్‌తో లీగ్‌లో టాప్, డిఫెన్సివ్ రూకీ (కొత్త ఆటగాడు) ఆఫ్ ద ఇయర్. రెండో ఏడాది, 2013లో, డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్. మొత్తం 8 సీజన్లు, 118 మ్యాచ్‌లు, 1,092 టాకిల్స్, 18 ఇంటర్‌సెప్షన్లు (అవతలి వాళ్ళ పాస్‌ని మధ్యలోనే పట్టేయడం). 7 ప్రో బౌల్స్, 5 సార్లు ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో. ఎనిమిదేళ్లలో ఐదుసార్లు తన స్థానంలో దేశంలోనే బెస్ట్ అనిపించుకున్నాడు. ఇంకేం మిగిలింది?

క్లాసిక్ చందు
సూపర్ బౌల్ మిగిలింది సుబ్బూ, లీగ్ ఫైనల్.

వరంగల్ వాసు
నేను హన్మకొండలో కూర్చుని రీల్స్‌లో మాత్రమే చూసేవాణ్ణి. అసలు లైన్‌బ్యాకర్ అంటే ఏం చేస్తాడు? టాకిల్ అంటే పట్టుకుని పడేయడమే కదా, అందులో అంత గొప్పేముంది?

పాత పాంథర్
వాసు, ఓపిగ్గా చదువు, అర్థమయ్యేలా చెప్తా.

డిఫెన్స్‌లో మూడు వరుసలు ఉంటాయి. ముందు వరుసలో భారీ మనుషులు, అవతలి లైన్‌తో నేరుగా ఢీకొట్టేవాళ్ళు. చివరి వరుసలో వేగంగా పరిగెత్తేవాళ్ళు, పాస్‌లు అడ్డుకునేవాళ్ళు. ఈ రెండింటికీ నడుమ ఉండేవాళ్ళే లైన్‌బ్యాకర్లు. ముందు వరుస వాళ్ళంత బలం కావాలి, వెనక వరుస వాళ్ళంత పరుగూ కావాలి. వాళ్ళలో నట్టనడుమ ఉండేవాణ్ణి మైక్ అంటారు. కీక్లీ అదే.

మైక్ హెల్మెట్ వెనక ఒక పచ్చ చుక్క ఉంటుంది. అంటే ఆ హెల్మెట్‌లో రేడియో ఉందని గుర్తు. కోచ్ చెప్పిన ప్లాన్ చెవిలో విని మిగతా పదిమందికీ ఇతనే అరిచి చెప్పాలి. బంతిని ఆటలోకి వదలడానికి (స్నాప్) ఇచ్చే గడువులో 15 సెకన్లు మిగిలి ఉండగా ఆ రేడియో కట్ అయిపోతుంది. ఆ తర్వాత అవతలి వాళ్ళు జాగాలు మారితే ఎవర్ని అడగాలి? ఎవరూ ఉండరు. తన కళ్ళే, తన బుర్రే. కీక్లీ అక్కడ మొనగాడు. వారమంతా అవతలి టీమ్ వీడియోలు అరగదీసి చూసేవాడు. ఎవరు ఏ కాలు ముందు పెట్టి నిలబడ్డారు, టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి పాస్‌లు కూడా పట్టేవాడు) ఎంత దూరంలో ఉన్నాడు అన్నది చూసి, వచ్చే ప్లే (వాళ్ళు వేసుకున్న ఎత్తు) పేరే గట్టిగా చెప్పేసేవాడు. అవతలి వాళ్ళు బిత్తరపోయేవాళ్ళు.

కబడ్డీ కిరణ్
పాత పాంథర్ గారు చెప్పింది మన కబడ్డీలో కార్నర్ డిఫెండర్‌కి దగ్గర. రైడర్ బోనస్‌కి వస్తున్నాడా, టచ్‌కి వస్తున్నాడా అని భుజం చూసి పసిగట్టాలి. అర క్షణం ముందు దూకితే పాయింట్ పోతుంది, అర క్షణం ఆలస్యమైతే మనిషి పోతాడు. నేను జిల్లా స్థాయి దాకా ఆడాను. మంచి డిఫెండర్‌కి బలం తర్వాత, ముందు కళ్ళు.

పాత పాంథర్
కరెక్ట్‌గా పట్టుకున్నావ్ కిరణ్. ఒక్క తేడా. మనవాడు పట్టుకునే రైడర్‌కి హెల్మెట్ ఉండదు, వంద కిలోల ఒంటితో ఎదురు పరుగెత్తుకు రాడు.

వరంగల్ వాసు
ఇప్పుడర్థమైంది. పేరు ఎలా పలకాలో మాత్రం అర్థం కాలేదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి నేను ఇన్నాళ్ళూ కుయెచ్లీ అనుకున్నా.

ఒహాయో రాజు
కీక్లీ. మా సిన్సినాటీ పిల్లాడే. ఇక్కడి సెయింట్ జేవియర్ హైస్కూల్లో చదివాడు. అక్కడి నుంచి బోస్టన్ కాలేజ్. మూడేళ్లలో 158, 183, 191 టాకిల్స్, మొత్తం 532. మూడో ఏడు 2011లో దేశంలో బెస్ట్ కాలేజ్ లైన్‌బ్యాకర్‌కి ఇచ్చే బట్కస్ అవార్డు కొట్టాడు. 2023లో కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూడా చేరాడు. పాంథర్స్ ఫ్యాన్స్ ఏదో మీరే కనిపెట్టినట్టు మాట్లాడతారు!

షార్లెట్ శ్రీను
రాజు అన్నా, పుట్టింది మీ ఊర్లో, పెరిగింది మా ఊర్లో. దేవకి మీరు, యశోద మేము.

దాని మీద ఇంకోటి గుర్తొచ్చింది. మొదటిసారి స్టేడియంకి వెళ్ళినప్పుడు అతను టాకిల్ చేయగానే జనమంతా బూ అని అరుస్తున్నారనిపించింది. ఇంత బాగా ఆడితే తిడతారేంటని బాధపడిపోయా. పక్కాయన నవ్వి చెప్పాడు, అది బూ కాదు, లూఊఊక్ అని.

క్లాసిక్ చందు
అసలు ప్రశ్నకి వద్దాం. నేను ముప్పై ఏళ్లుగా ఈ ఆట చూస్తున్నా. శ్రీను కొలీగ్ మాటలో నిజముంది. రే లూయిస్ బాల్టిమోర్‌కి 17 సీజన్లు ఆడాడు, రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు. జూనియర్ సేయా 20 సీజన్లు. అంతెందుకు, కీక్లీ పక్కనే ఆడిన థామస్ డేవిస్‌ని చూడండి. ఒకే మోకాలి లిగమెంట్ మూడుసార్లు తెగింది, 2009, 2010, 2011. మూడుసార్లూ తిరిగొచ్చి 2015లో ఆల్-ప్రో అయ్యాడు. అరిజోనాతో మ్యాచ్‌లో ముంజేయి విరిగితే ప్లేటు, స్క్రూలు వేయించుకుని రెండు వారాల్లో సూపర్ బౌల్ ఆడాడు. దాన్నంటారు కెరీర్ అని. కీక్లీకి 2021 దాకా కాంట్రాక్ట్ ఉంది, ఒంట్లో ఎముకలన్నీ సరిగానే ఉన్నాయి.

పద్మ ఫిజియో
చందు గారూ, ఎముకలన్నీ సరిగానే ఉన్నాయి. మరి తల?

నేను తలకి దెబ్బ తగిలిన పిల్లలతో రోజూ పని చేస్తాను, అందుకే ఆ మాట పట్టుకున్నా. డేవిస్ మోకాలికి ఎంఆర్ఐ తీస్తే తెగింది కనిపిస్తుంది, సర్జన్ బాగు చేస్తాడు, తొమ్మిది నెలలు వ్యాయామం చేయిస్తే మళ్ళీ పరుగెత్తించొచ్చు. కాంకషన్ అలా కాదు. మెదడు పుర్రె లోపల నీటిలో తేలుతూ ఉంటుంది. దెబ్బ తగిలి తల ఒక్కసారిగా ఆగినా, తిరిగినా అది లోపల కుదుపుకి సాగుతుంది, కణాలు పనిచేసే తీరు దెబ్బతింటుంది. స్కాన్ తీస్తే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. మనిషికి మాత్రం వెలుతురు పడదు, నిద్ర పట్టదు, మాట వెతుక్కుంటాడు, కారణం లేకుండా ఏడుపొస్తుంది. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ.

కీక్లీకి బయటికి తెలిసి మూడు కాంకషన్లు. 2015 మొదటి మ్యాచ్‌లో జాక్సన్‌విల్ మీద, తర్వాత మూడు మ్యాచ్‌లు ఆడలేదు. 2016 నవంబరులో సెయింట్స్ మీద, ఆ సీజన్ అక్కడితో ముగిసింది. 2017 అక్టోబరులో ఈగల్స్ మీద. మూడేళ్లు వరుసగా.

మూర్తి ఫ్రమ్ మ్యాథ్యూస్
ఆ 2016 మ్యాచ్‌కి నేను స్టేడియంలో ఉన్నాను. నవంబరు 17, గురువారం రాత్రి. ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళాం. నాలుగో క్వార్టర్. టాకిల్ మామూలుగానే కనిపించింది, కానీ అతను లేవలేదు. ట్రైనర్లు చుట్టూ చేరారు. తర్వాత బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే పెద్ద స్క్రీన్ మీద ముఖం చూపించారు. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఊపిరి అందనట్టు. నొప్పితో ఏడ్చే మనిషి ఏడుపు కాదది, ఎందుకు ఏడుస్తున్నాడో తనకే తెలియని ఏడుపు. అంతమంది జనంలో ఒక్కరు మాట్లాడలేదు. మ్యాచ్ 23-20తో మేమే గెలిచాం, పార్కింగ్ దాకా ఎవరి నోటా గెలిచామన్న మాటే రాలేదు.

ఆ ముఖం చూశాక అతను ఎప్పుడు ఆపినా తొందరపడ్డాడని నేను అనలేను.

షార్లెట్ శ్రీను
మూర్తి గారూ, నేను ఆ రోజు టీవీలో చూశాను. మా ఆవిడ చానెల్ మార్చేయమంది.

క్లాసిక్ చందు
నేనూ చూశాను. బాధ నాకూ ఉంది. కానీ ఆ తర్వాత 2018, 2019 రెండేళ్లూ 16కి 16 మ్యాచ్‌లు ఆడాడు. 2018లో లైన్ వెనకే పడేసిన టాకిల్స్ 20. అంటే కోలుకున్నట్టే కదా? ఫామ్ పీక్‌లో ఉండగా ఆపడం నాకు ఒప్పుదల కావట్లేదు.

స్టాట్స్ సుబ్బు
చందు గారికి రెండు జవాబులు.

ఒకటి, మీరు చెప్పిన సేయా. 20 సీజన్లు ఆడింది నిజం. ఆపిన కొన్నేళ్లకే 2012 మేలో ఆత్మహత్య చేసుకున్నాడు, 43 ఏళ్లకి. మెదడుని పరీక్షిస్తే సీటీఈ అని తేలింది. పదేపదే దెబ్బలు తిన్న మెదడుకి వచ్చే జబ్బు అది, బతికుండగా కచ్చితంగా నిర్ధారించే పరీక్ష లేదు. ఆయన కెరీర్ మొత్తంలో కాంకషన్ అని ఒక్కసారి కూడా రిపోర్ట్ కాలేదు. అది గుర్తుపెట్టుకోండి.

రెండు, పాట్రిక్ విల్లిస్. శాన్ ఫ్రాన్సిస్కో మిడిల్ లైన్‌బ్యాకర్. అతనూ 8 సీజన్లే, 7 ప్రో బౌల్స్, 5 ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో. కీక్లీ లెక్కకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. 30 ఏళ్లకి పాదాలు సహకరించక 2015లో ఆపేశాడు. 2024లో ప్రో ఫుట్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. కెరీర్ చిన్నదని తలుపు వేయలేదు.

క్లాసిక్ చందు
కీక్లీకి 2025లో వేశారుగా. మొదటిసారి అర్హత వచ్చింది, ఫైనలిస్టుల్లో ఉన్నాడు, ఆ ఏడాది ఎన్నిక కాలేదు.

స్టాట్స్ సుబ్బు
ఆ ఏడాది మొత్తం మీద నలుగురినే తీసుకున్నారు. ఓటింగ్ రూల్స్ మార్చారు. దాన్ని కీక్లీ మీద తీర్పులా చూడకండి. విల్లిస్‌ని కూడా మొదటి ఏడాదే తీసుకోలేదు.

న్యూజెర్సీ నవీన్
విల్లిస్ ఆపిన నెలలోనే అదే టీమ్‌లో క్రిస్ బోర్లాండ్ కూడా ఆపేశాడు, గుర్తుందా? 2014లో విల్లిస్‌కి దెబ్బ తగిలితే అతని బదులు దిగి అదరగొట్టిన కుర్రాడు. ఒక్క సీజన్. 24 ఏళ్లు. తలకి ప్రమాదం గురించి చదివి, ఇక వద్దని చెప్పి, సంతకం బోనస్‌లో నాలుగింట మూడొంతులు వెనక్కిచ్చేశాడు. అప్పుడు చాలామంది పిచ్చివాడన్నారు. 28కి కీక్లీ ఆపితే ఎవరూ ఆ మాట అనలేదు. ఐదేళ్లలో జనం ఆలోచన అంత మారింది.

ఒహాయో రాజు
దెబ్బ అంటే తల ఒక్కటే కాదు. 2017 డిసెంబరు 4, సోమవారం రాత్రి, మా సిన్సినాటీ స్టేడియంలో స్టీలర్స్ లైన్‌బ్యాకర్ రయన్ షేజియర్ టాకిల్‌కి వెళ్ళి వెన్నుకి దెబ్బతిన్నాడు. కాళ్ళు కదల్లేదు. తర్వాత పట్టుదలగా నడవగలిగాడు కానీ మళ్ళీ ఆడలేదు. నేను ఆ తర్వాత చాలా నెలలు మ్యాచ్‌లు చూడలేదు. కీక్లీ ఆపినప్పుడు నిజంగా ఊపిరి పీల్చుకున్నా. ఊరివాడు కదా, ఏదో మనింటి పిల్లాడిలా ఉంటుంది.

వరంగల్ వాసు
ఫోటోల్లో కీక్లీ మెడకి ఏదో పట్టీ కనిపిస్తోంది. ఏంటది?

పద్మ ఫిజియో
క్యూ-కాలర్. 2017 నుంచి పెట్టుకునేవాడు. మెడలో గుండెకి తిరిగొచ్చే సిరల మీద కొంచెం ఒత్తిడి పెడుతుంది. దాంతో పుర్రెలో రక్తం ఇంకాస్త నిలిచి, మెదడు కదిలే జాగా తగ్గుతుందన్నది ఆలోచన. 2021లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అమ్మకానికి అనుమతిచ్చింది. కానీ కాంకషన్ రాకుండా ఆపుతుందని మాత్రం చెప్పలేదు. అది వేసుకుంటే పిల్లలకి ఏమీ కాదనుకుని ఎవరూ కొనొద్దు, ప్లీజ్.

కేరీ సుజాత
చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. పద్మ గారి పోస్టు చూసి ఆగలేకపోయాను.

మా బాబు టెన్త్ గ్రేడ్. స్కూల్ జూనియర్ టీమ్‌లో లైన్‌బ్యాకర్. వాడి గదిలో కీక్లీ పోస్టర్ ఉంది. వాడు ఆట చూడటం మొదలుపెట్టేసరికి కీక్లీ ఆపేసి చాలా కాలమైంది, అంతా యూట్యూబ్‌లో చూసిందే. సెప్టెంబరులో ప్రాక్టీసులో ఇంకో అబ్బాయితో తల ఢీకొంది. కోచ్ అడిగితే బాగానే ఉన్నానన్నాడట. ఇంటికొచ్చి కూడా చెప్పలేదు. రెండు రోజుల తర్వాత రాత్రి అన్నం దగ్గర ట్యూబ్‌లైట్ ఆపేయమ్మా, కళ్ళు మండుతున్నాయన్నాడు. అప్పుడు కూర్చోబెట్టి అడిగితే బయటపడ్డాడు. డాక్టర్ కాంకషన్ అన్నారు. మూడు వారాలు ఆట లేదు, ఫోన్ లేదు, సగం రోజులే స్కూలు.

ఇప్పుడు బాగున్నాడు. వచ్చే సీజన్ ఆడతానంటున్నాడు. మా వారు వద్దంటే వద్దంటున్నారు. వాడేమో కీక్లీ మూడుసార్లు దెబ్బతిని కూడా తిరిగొచ్చి ఆడాడుగా అంటాడు. ఏం చెప్పాలో తెలియక ఇక్కడికొచ్చా.

గుడివాడ గోపి
అమ్మా, మాన్పించేయండి. చదువుకోవడానికి వెళ్ళాం అక్కడికి. టెన్నిస్ ఉంది, క్రికెట్ ఉంది.

న్యూజెర్సీ నవీన్
గోపి గారూ, అంత తేలిక కాదండీ. ఇక్కడ హైస్కూల్లో ఫుట్‌బాల్ టీమ్ అంటే పిల్లాడి స్నేహితులు, శుక్రవారం రాత్రులు, అన్నీ అదే. మా వాడిది సేమ్ వయసు. ఒక్కసారిగా తీసేస్తే ఇంట్లో మాట్లాడటమే మానేస్తాడు.

పద్మ ఫిజియో
సుజాత గారూ, మీ అబ్బాయి చేసింది చాలామంది చేస్తారు. తిట్టకండి. తిడితే రెండోసారి ఇంకా గట్టిగా దాస్తాడు.

నార్త్ కరోలినాలో 2011 నుంచి గ్ఫెల్లర్-వాలర్ చట్టం ఉంది. 2008లో తలకి దెబ్బలతో చనిపోయిన ఇద్దరు హైస్కూల్ ఆటగాళ్ళ పేర్లు అవి. కాంకషన్ అనుమానం వస్తే ఆ రోజు ఇక ఆడించకూడదు. అర్హత ఉన్న వైద్య సిబ్బంది రాసిస్తే తప్ప తిరిగి దించకూడదు. పిల్లలు, తల్లిదండ్రులు ఇద్దరూ దాని గురించిన కాగితం మీద సంతకం పెట్టాలి. చట్టం గట్టిదే. కానీ పిల్లాడు నోరు విప్పితేనే అది పనిచేస్తుంది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. ఆడటమా మానడమా అన్నది మీ డాక్టర్‌తో, బాబుతో కలిసి తేల్చుకోండి. దాచొద్దన్నది మాత్రం ఈ రోజే మాట్లాడండి.

పాత పాంథర్
సుజాతమ్మా, బాబుకి ఒక మాట నా తరఫున చెప్పండి. కీక్లీ మూడుసార్లు తిరిగొచ్చాడన్నది సగం కథ. 2016లో డాక్టర్లు సరేనన్నాక కూడా టీమ్ అతన్ని ఆ సీజన్‌లో మళ్ళీ దించలేదు. రాన్ రివేరా కోచ్. ఆయనా ఒకప్పుడు లైన్‌బ్యాకరే, 1985 సీజన్లో సూపర్ బౌల్ గెలిచిన షికాగో టీమ్‌లో ఉన్నాడు. అప్పట్లో తల గిర్రున తిరిగినా వాసన మందు చూపించి దించేసేవాళ్ళు. ఆ కాలం చూసినవాడు తన బెస్ట్ ప్లేయర్‌ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. తిరిగిరావడం వెనక ఆ కూర్చోబెట్టడం ఉంది.

రిటైర్మెంట్ వీడియో కూడా చూపించండి, చిన్నదే. వేగంగా, బలంగా, ఒళ్ళు దాచుకోకుండా ఆడటం ఒక్కటే తనకి తెలిసిన పద్ధతని, ఇక అలా ఆడగలనో లేదో తెలియట్లేదని చెప్తాడు. గొంతు వణుకుతుంది. ఆడాలని ఉందని కూడా అదే వీడియోలో ఒప్పుకుంటాడు.

చందూ, నీ ప్రశ్నకి నా జవాబు కూడా అక్కడే ఉంది. కీక్లీ అందరికంటే బలవంతుడు కాదు, అందరికంటే వేగం ఉన్నవాడూ కాదు. అతని ఆటంతా బుర్రతోనే. ముందే చదవడం, అర అడుగు ముందు కదలడం. డేవిస్ మోకాలు పోతే తెలివితో నెట్టుకొచ్చాడు. కీక్లీకి పోయేది ఆ తెలివి ఉండే చోటే. అది తగ్గితే మిగిలేది కీక్లీ కాదు, 59 నంబరు చొక్కా.

క్లాసిక్ చందు
ఈ కోణంలో నేను ఆలోచించలేదు. 2019లో కూడా ఎక్కడా తగ్గినట్టు కనిపించలేదు కాబట్టి అలా అనుకున్నా. బయటికి కనిపించేదాకా ఆగాలన్నట్టు మాట్లాడాను, అది తప్పే. సూపర్ బౌల్ లేదన్న వెలితి మాత్రం నాకు పోదు. 2015 సీజన్ సూపర్ బౌల్‌లో డెన్వర్ మీద 24-10తో ఓడిపోయారు. ఆ మ్యాచ్ బెస్ట్ ప్లేయర్ (ఎంవీపీ) అవతలి టీమ్ లైన్‌బ్యాకర్ వాన్ మిల్లర్. అదింకా గుచ్చుతుంది.

షార్లెట్ శ్రీను
చందు గారూ, గుచ్చడం మాకు తెలుసండీ. ఆ ఆదివారం మా ఇంట్లో బిర్యానీ మిగిలిపోయింది, ఎప్పుడూ మిగలదు.

కొలీగ్ అన్న టీమ్‌ని వదిలేశాడన్న మాటకి మాత్రం నాకిప్పుడు జవాబు దొరికింది. 2019లో చివరి ఎనిమిది మ్యాచ్‌లూ ఓడి 5-11తో ముగించాం. రివేరాని డిసెంబరులోనే తీసేశారు. 2020 మార్చిలో న్యూటన్‌ని వదిలేశారు. అప్పటికే అన్నీ కూలిపోతున్నాయి. అతను ఊరు వదల్లేదు. 2020లో టీమ్‌కి స్కౌట్‌గా (ఆటగాళ్ళని చూసి అంచనా వేసే పని) పనిచేశాడు, 2022 నుంచి పాంథర్స్ రేడియోలో కామెంటరీ చెప్తున్నాడు. డ్రైవింగ్‌లో నేను వింటుంటా. ఇప్పటికీ ప్లే రాకముందే ఏం రాబోతోందో చెప్పేస్తాడు.

మూర్తి ఫ్రమ్ మ్యాథ్యూస్
లైన్‌బ్యాకర్ అంటే ఈ ఊరికి ప్రాణం. స్టేడియం బయట ఉన్న శామ్ మిల్స్ విగ్రహం చూశారా? టీమ్ మొదలైన 1995 నుంచి మూడేళ్లు ఆడాడు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలే, ఈ ఆటకి పొట్టివాడని మొదట ఎవరూ తీసుకోలేదు. తర్వాత ఇక్కడే కోచ్ అయ్యాడు. 2003లో క్యాన్సర్ బయటపడింది, కీమో చేయించుకుంటూనే కోచింగ్ ఇచ్చాడు. పాంథర్స్ నినాదం కీప్ పౌండింగ్ (బాదుతూనే ఉండు) ఆయన మాటే. 2005లో పోయాడు. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్ ఇచ్చారు. నేను మా పిల్లల్ని స్టేడియంకి తీసుకెళ్తే ముందు ఆ విగ్రహం దగ్గరికే తీసుకెళ్తా.

కబడ్డీ కిరణ్
సుజాత అక్కా, చిన్న మాట. మా కోచ్ పట్టు నేర్పేటప్పుడు తల ఎప్పుడూ రైడర్ ఒంటికి పక్కన ఉండాలి, ఎదురుగా కాదు అని రోజూ చెప్పేవారు. బాబు తిరిగి ఆడితే టాకిల్‌లో తల ఎక్కడ పెడుతున్నాడో ఒకసారి వీడియో తీసి చూడండి.

కేరీ సుజాత
అందరి పోస్టులూ నిన్న రాత్రి బాబుకి చదివి వినిపించాను. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. మూర్తి గారు రాసింది విని రెండోసారి చదవమన్నాడు. తర్వాత, సెప్టెంబరులో ఇంకో విషయం కూడా చెప్పలేదమ్మా అన్నాడు. ఢీకొన్న తర్వాత పది నిమిషాలు ప్రాక్టీసులో ఏం జరిగిందో వాడికి గుర్తు లేదట. రేపు మళ్ళీ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. అప్పటిదాకా ఆట మాట ఎత్తకూడదని ముగ్గురం అనుకున్నాం.

పద్మ ఫిజియో
ఆ పది నిమిషాల సంగతి డాక్టర్‌కి మొట్టమొదట చెప్పండి. బాబుని శభాష్ అనండి నా తరఫున.

షార్లెట్ శ్రీను
సుజాత గారూ, రేపు ఏం చెప్పారో వీలైతే ఇక్కడ రాయండి. అందరం చూస్తుంటాం.

వరంగల్ వాసు
సుబ్బు గారూ, నేను ఒక్క మ్యాచ్ చూస్తే ఏది చూడాలి?

స్టాట్స్ సుబ్బు
2015 థాంక్స్‌గివింగ్ రోజు డాలస్ మీద. డాలస్ క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో వేసిన వరుస రెండు పాస్‌లని ఇంటర్‌సెప్ట్ చేశాడు, ఒకటి 32 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ స్కోరు చేశాడు. బంతిని చూడకు, 59ని ఒక్కణ్ణే చూడు.

కేరీ సుజాత
మేమూ ఇప్పుడే చూశాం, ముగ్గురం సోఫాలో. స్నాప్ కాకముందే 59 రెండడుగులు పక్కకి జరిగాడు. మా బాబు ఆపి, వెనక్కి తిప్పి, ఎందుకు జరిగాడో మా వారికి ఇరవై నిమిషాలు చెప్పాడు. మా వారు వింటూ కూర్చున్నారు. ఇంకో మ్యాచ్ చెప్పండి సుబ్బు గారూ.

స్టాట్స్ సుబ్బు
2016 జనవరి 17, సియాటెల్ మీద ప్లేఆఫ్. మొదటి క్వార్టర్ చాలు.